పదమూడులో లేని నాలుగో మనిషి

2013 జూన్‌లో బ్లాక్ సబాత్ అనే ఇంగ్లండ్ బృందం ‘13’ అన్న పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చింది. హెవీ మెటల్‌కు పురుడు పోసింది వాళ్లేనని ఆ సంగీతం ఇష్టపడేవాళ్లూ ఒప్పుకుంటారు, గిట్టనివాళ్లూ ఒప్పుకుంటారు. ఓజీ ఆస్‌బర్న్ గొంతుతో ఆ పేరు మీద పూర్తి స్టూడియో ఆల్బమ్ రావడం 1978 తర్వాత అదే మొదలు. మధ్యలో 35 ఏళ్ల ఎడం. వచ్చిన వారానికే బ్రిటన్ జాబితాలో పైమెట్టు ఎక్కింది. అక్కడ అంతకుముందు వాళ్లకు ఆ మెట్టు అందింది 1970లో, ‘పారనాయిడ్’తో. అమెరికాలోనైతే వాళ్ల చరిత్రలోనే అది తొలి మొదటి స్థానం. మొదటి వారంలో సుమారు 1,55,000 కాపీలు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది అందులోని ‘గాడ్ ఈజ్ డెడ్?’ పాటకు గ్రామీ బహుమతి వచ్చింది. 2025 జులై 22న ఓజీ కన్నుమూశాడు. మనిషి పోయాక తీర్పులు మెత్తబడడం ఎక్కడైనా ఉన్నదే, అందులో తప్పూ లేదు. కానీ పాడిన మనిషి మీద అభిమానం వేరు, పాట మీద తీర్పు వేరు. ఈ పూట ఆ రెంటినీ కాసేపు విడదీసి, ‘13’ని ఒక అనుమానపు చెవితో విందాం.

ముందే ఒక మాట. ‘13’ చెడ్డ ఆల్బమ్ అని నేననడం లేదు. చేతకాక చేసిన పని అందులో ఎక్కడా కనిపించదు. 8 పాటలు, సుమారు 53 నిమిషాలు, ప్రతి పాటకూ బలమైన రిఫ్ ఉంది. రిఫ్ అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న వరస. మెటల్ పాటకు అదే పల్లవి, అదే పునాది. విన్నవాళ్లలో చాలామంది ఈ ఆల్బమ్‌ను ఒకే మాటతో మెచ్చుకున్నారు: అచ్చం పాత సబాత్‌లాగే ఉందని. నా అభ్యంతరం సరిగ్గా ఆ మాట మీదే. పాత సబాత్ ఎవరిలాగానూ లేదు. అందుకే అది సబాత్ అయింది. ‘13’ మాత్రం ఒకరిలాగా ఉండడానికే పుట్టింది, ఆ ఒకరు తన తొలిరూపమే. ఎవరినో అనుకరిస్తే కాపీ అంటాం. తనను తాను అనుకరిస్తే పునరాగమనం అంటున్నాం. ఈ రెండో పనికి మనమిచ్చే రాయితీ ఎంతవరకు న్యాయమో చూడాలంటే, అసలు ఆ తొలిరూపం ఎలా తయారైందో కొంచెం నిదానంగా చూడాలి.

సబాత్ పుట్టిన ఆస్టన్, బర్మింగ్‌హామ్ నగరంలో ఫ్యాక్టరీలూ కూలీల ఇళ్లూ ఉండే పేట. గిటార్ వాయించే టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. అతనిది ఎడమచేతివాటం, కాబట్టి తీగల మీద అదిమే చెయ్యి అదే. గిన్నెలు కడిగే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్లకు సరిపడా తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు ఎక్కించాడు. కొన్నాళ్లకు వాటి శ్రుతిని కిందికి దించడమూ మొదలుపెట్టాడు. వదులైన తీగ వేలికి సుఖంగా ఉంటుంది, చెవికి బరువుగా వినిపిస్తుంది. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి ఆ బరువు వాళ్ల చిరునామా అయింది. ఇవాళ వేలాది మెటల్ బృందాలు శైలి పేరుతో చేసే పని మొదట ఒక కార్మికుడి గాయానికి దొరికిన వాటం. ఇక తొలి ఆల్బమ్: 1969 అక్టోబర్‌లో లండన్‌లోని ఒక చిన్న స్టూడియోలో ఒకే రోజులో రికార్డు చేశారు. బృందంలోని నలుగురూ కచేరీల్లో రోజూ వాయించేదే అక్కడా వాయించి, గిటార్లు సర్దుకుని బయటికొచ్చారు. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు అది విడుదలైంది. ఎలా వినిపించాలన్న పథకం వేసుకునే తీరిక ఆ నలుగురికీ లేదు. అలా తప్ప ఇంకోలా వినిపించే వీలూ లేదు.

ఆ ఆల్బమ్ మొదటి పాట పేరూ ‘బ్లాక్ సబాత్’ అనే. వాన చప్పుడు, దూరంగా ఉరుము, చర్చి గంట. వాటి మీద హఠాత్తుగా గిటార్ మూడే మూడు స్వరాలు పలుకుతుంది. మన పరిభాషలో చెప్పుకుంటే షడ్జం, పై స్థాయి షడ్జం, ఆ తర్వాత ప్రతి మధ్యమం. ఈ షడ్జ ప్రతిమధ్యమాల ఎడాన్ని యూరప్ సంగీత శాస్త్రంలో సైతాను స్వరం అని పేరు పెట్టి వెలివేసినట్టు చెబుతారు. తమాషా ఏమిటంటే, అదే ప్రతి మధ్యమం మనకు కల్యాణిలో ఎంతో చల్లగా, మంగళకరంగా వినిపిస్తుంది. అంటే భయం ఆ స్వరంలో లేదు. దాన్ని పలికిన వేగంలో ఉంది, స్వరానికీ స్వరానికీ మధ్య వదిలిన ఖాళీలో ఉంది, ఆ ఖాళీలో డ్రమ్స్ ఏం చేస్తున్నాయో అందులో ఉంది. ‘13’ విషయంలో నా వాదమంతా ఈ ఖాళీ మీదే నిలబడుతుంది కాబట్టి ఇక్కడ ఇంకొంచెం ఆగుదాం.

డ్రమ్స్ వాయించిన బిల్ వార్డ్ జాజ్ వింటూ పెరిగినవాడు. అతనికి ఆదర్శం జీన్ క్రూపా, బడ్డీ రిచ్ వంటి జాజ్ వాద్యకారులు. మన కచేరీల్లో ఒక మాట ఉంది: ఫలానా మృదంగ విద్వాంసుడు పాటకు వాయిస్తాడు అని. తాళం తప్పకుండా వాయించేవాళ్లు చాలామంది ఉంటారు, పాటకు వాయించేవాళ్లు తక్కువ. వార్డ్ ఆ రెండో రకం. ‘బ్లాక్ సబాత్’ పాటలో నెమ్మదిగా సాగే భాగం వినండి. గిటార్ ఒక స్వరం మోగించి వదిలేస్తే, ఆ మోత ఆరిపోయేలోగా వార్డ్ చేతులు డ్రమ్ముల మీద ఒక దొర్లింత దొర్లి, తరవాతి స్వరం పడే చోటికి మనల్ని తోసుకెళ్తాయి. ‘పారనాయిడ్’ ఆల్బమ్‌లోని ‘వార్ పిగ్స్’ చరణంలో గిటార్, బేస్ రెండు దెబ్బలు కొట్టి మౌనం వహిస్తాయి. ఆ మౌనంలో ఓజీ గొంతు, వార్డ్ హై-హ్యాట్ సింబల్ టిక్కుటిక్కుమనడం, అంతే. ఆ టిక్కు గడియారంలా పడదు. ఒక్కోసారి వెంట్రుకవాసి ముందు, ఒక్కోసారి వెంట్రుకవాసి వెనక. నాలుగు దెబ్బల తాళంలోనే తిశ్రం వాసన కొట్టే ఒక ఊపు ఉంటుంది. ఇంగ్లిష్‌లో దాన్ని స్వింగ్ అంటారు, మనం నడక అనుకోవచ్చు. అంత బరువైన గిటార్ కింద అంత తేలికైన నడక ఉండడమే పాత సబాత్ రహస్యం. ఏనుగు నడిస్తే నేల అదరాలని అందరూ అనుకుంటారు. దగ్గర్నుంచి చూసినవాళ్లకు తెలుసు, అది ఎంత మెత్తగా అడుగేస్తుందో.

ఇప్పుడు 2011 నవంబర్ 11కి వద్దాం. లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోని విస్కీ ఎ గో గో క్లబ్బులో నలుగురూ కలిసి కూర్చుని, కొత్త ఆల్బమ్ చేస్తున్నాం, ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ అని ప్రకటించారు. రెండు నెలలు తిరక్కుండానే అయోమీకి లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నట్టు బయటపడింది. ఆ తర్వాత ఫిబ్రవరిలో వార్డ్ తాను సంతకం పెట్టదగ్గ ఒప్పందం రాలేదని చెప్పి పక్కకు తప్పుకున్నాడు. ఆ తగాదాలో న్యాయం ఎవరివైపు ఉందో తేల్చడం మన పని కాదు. మనకు కావలసింది దాని ఫలితం. అతని చోట రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్ బృందం డ్రమ్మర్ బ్రాడ్ విల్క్ వచ్చాడు. ఇక రూబిన్ చేసిన మొదటి పని, మిగిలిన ముగ్గురినీ కూర్చోబెట్టి వాళ్ల తొలి ఆల్బమ్‌నే వాళ్లకు వినిపించడం. హెవీ మెటల్ అన్న మాటే మరిచిపోండి, దీని తరవాతి ఆల్బమ్ చేస్తున్నామనుకోండి అన్న ధోరణిలో ఆయన దారి చూపాడని ఆ సభ్యులే ఇంటర్వ్యూల్లో చెప్పారు. వినడానికి మంచి సలహాలాగే ఉంది. కానీ ఆ గదిలో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టండి. ఏ ఆల్బమ్‌లాగా చేయమన్నారో, ఆ ఆల్బమ్‌కు నడక ఇచ్చిన మనిషి ఒక్కడే అక్కడ లేడు.

దాని పర్యవసానం పాటపాటకూ వినిపిస్తుంది. ‘13’ మొదటి పాట ‘ఎండ్ ఆఫ్ ది బిగినింగ్’. ముందు నెమ్మదిగా కూలబడే బరువైన రిఫ్, తర్వాత గిటార్ తగ్గి గొంతు ఒంటరిగా నిలబడడం, మళ్లీ బరువు, కొంతసేపటికి వేగం పుంజుకుని పరుగు. ‘బ్లాక్ సబాత్’ పాట కట్టడం గదులతో సహా అదే. ‘లోనర్’ రిఫ్ వింటుంటే తొలి ఆల్బమ్‌లోని ‘ఎన్.ఐ.బి.’ చేయి పట్టుకుని లాగుతుంది. ‘జైట్‌గైస్ట్’ అయితే ‘పారనాయిడ్’లోని ‘ప్లానెట్ కారవాన్’కు కవల: అదే మెత్తని గిటార్, చేత్తో కొట్టే అవే వాద్యాలు, అదే దూరపు గొంతు, చివర జాజ్ ఛాయతో అదే గిటార్ వాదన. ‘డ్యామేజ్డ్ సోల్’లో ఓజీ మౌతార్గాన్ పట్టుకుంటాడు, తొలి ఆల్బమ్‌లోని ‘ది విజార్డ్’లో పట్టుకున్నట్టే. ఇంతా అయ్యాక చివరి పాట ‘డియర్ ఫాదర్’ ముగిసేసరికి వాన, ఉరుము, గంట. 43 ఏళ్ల క్రితం ఎక్కడ మొదలైందో అక్కడికే తెచ్చి వదిలిపెడతారు. కొందరు దీన్ని వృత్తం పూర్తయిందని మురిసిపోయారు. నాకు మాత్రం అక్కడ బడిపిల్లవాడి కాగితం గుర్తొస్తుంది, ఇచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబు రాశానని చివర గీత గీసి చూపించే కాగితం. వాన, గంట తొలి పాటలో ఎందుకున్నాయి? తరవాత ఏం రాబోతోందో ఎవరికీ తెలియదు కాబట్టి. ఇక్కడ అందరికీ తెలుసు.

మరి విల్క్ మాటేమిటి? అతను చేతకాని డ్రమ్మర్ కాదు. 1990లలో రేజ్ పాటల్లో అతని దెబ్బ ఎంత సూటిగా, ఎంత కోపంగా పడుతుందో విన్నవాళ్లకు తెలుసు. ఆ పాటలకు అదే కావాలి. కానీ ‘13’లో అతని పని వార్డ్ వదిలిన ఖాళీని నింపడం, అదీ వార్డ్‌లా వినిపించీ వినిపించకుండా. అతను జాగ్రత్తపడ్డాడు. తాళం ఎక్కడా తప్పలేదు, రిఫ్ ఎక్కడ పడుతుందో డ్రమ్మూ కచ్చితంగా అక్కడే పడింది. చిక్కల్లా అదే. గిటార్ బరువు మీద డ్రమ్ము బరువు కూడా పడితే పాట దిగబడిపోతుంది. ‘గాడ్ ఈజ్ డెడ్?’ దాదాపు తొమ్మిది నిమిషాల పాట. అందులో సగానికి పైగా మనం నడవం, మోస్తాం. పాత పాటలు ఇంతకన్నా నెమ్మదిగా ఉన్నచోట్ల కూడా మోసినట్టు అనిపించదు, ఎందుకంటే అక్కడ కాలు మనదే అయినా అడుగు వార్డ్ వేయిస్తాడు.

దీనికి తోడు శబ్దాన్ని తయారుచేసిన పద్ధతి. సన్నని ధ్వనిని పైకి లేపి, పెద్ద ధ్వనిని నొక్కి, రెంటినీ దాదాపు ఒకే ఎత్తుకు తేవడాన్ని కంప్రెషన్ అంటారు. రేడియోలో పనిచేసేవాళ్లకు ఇది కొత్త విద్యేం కాదు. ఇప్పుడు మీకు వినిపిస్తున్న ఈ గొంతు కూడా ఎంతో కొంత అలా నొక్కినదే అయ్యుంటుంది. మాటకు అది మేలు చేస్తుంది. కానీ నిశ్శబ్దానికీ దెబ్బకూ మధ్య ఉన్న దూరం మీద బతికే సంగీతాన్ని మరీ నొక్కితే ఆ దూరమే పోతుంది. ‘13’ సీడీలో ఆ నొక్కుడు బాగా ఎక్కువ. సింబల్ మోగి, ఆరుతూ, గాలిలో కరిగిపోయే ఆ తోక వినపడదు; దాని మీద గిటార్ గోడలా వచ్చి నిలబడుతుంది. ఇదే రూబిన్ 2008లో మెటాలికాకు చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ మీదా సరిగ్గా ఇదే ఫిర్యాదు వచ్చింది. ఒక వీడియో గేమ్‌లో పెట్టిన అదే పాటలు సీడీలో కన్నా శుభ్రంగా ఉన్నాయని అభిమానులు పోల్చి మరీ చూపించారు. అప్పుడు కూడా రూబిన్ మందు ఇదే: మీ 1980ల నాటి ఊపును మళ్లీ గుర్తు చేసుకోండి అని. ఇద్దరు రోగులకూ ఒకటే చీటీ రాసిచ్చాడన్నమాట.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం రావాలి. పాతదాన్నే మళ్లీ చేస్తే తప్పేమిటి? మన సంగీతంలో ఒకే త్యాగరాజ కీర్తనను రెండు వందల ఏళ్లుగా పాడుతున్నాం, ఎవరూ అనుకరణ అనలేదే? మంచి ప్రశ్నే. కానీ కచేరీలో ఏది పాతది, ఏది కొత్తది? సాహిత్యం పాతది, వరస పాతది. ఆలాపన ఆ సాయంత్రానిది, నెరవు ఆ సాయంత్రానిది, స్వరకల్పన ఆ నిమిషానిది. నిన్న పాడినట్టే ఇవాళా పాడితే రసికుడు లేచి క్యాంటీన్‌కు పోతాడు. ‘13’లో ఇది తలకిందులైంది. పాటలన్నీ కొత్తగా కట్టినవి, కట్టిన తీరూ పలికిన తీరూ 1970 నాటివి. ఏది మారాలో అది మారలేదు, ఏది ఉంచుకోవచ్చో దాన్ని కొత్తగా రాశారు. పాత ‘ఎన్.ఐ.బి.’నే తీసుకుని 65 ఏళ్ల అయోమీ చేతులతో, ఆ వయసుకు తగినట్టు వాయించి ఉంటే అది ‘లోనర్’ కన్నా కొత్త పాట అయ్యుండేదని నా నమ్మకం.

రెండో అభ్యంతరం వయసు, జబ్బు. ఒకవైపు చికిత్స నడుస్తుండగా అయోమీ ఈ రిఫ్‌లు కట్టాడు, ఓజీకి 64 ఏళ్లు, అన్నేళ్ల వ్యసనాల తర్వాత గొంతు మిగలడమే గొప్ప. ఇంతకన్నా ఏం అడుగుతారు అంటారు. అయోమీ ధైర్యాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఈ వాదం ఆ కళాకారులను పొగుడుతున్నట్టు కనిపిస్తూ వాళ్ల స్థాయిని దించుతుంది. ముసలితనంలో పాతది తప్ప కొత్తది రాదని అందులో దాగున్న మాట. అది నిజం కాదని ఇదే అయోమీ, ఇదే బృందంలో బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ నాలుగేళ్ల ముందే రుజువు చేశారు. 2009లో, ఓజీ వెళ్లిపోయాక సబాత్‌కు పాడిన రానీ జేమ్స్ డియో గొంతుతో, విన్నీ అపీస్ డ్రమ్స్‌తో, హెవెన్ అండ్ హెల్ అన్న పేరు మీద ‘ది డెవిల్ యు నో’ అనే ఆల్బమ్ చేశారు. డియోకు అప్పటికి 66 ఏళ్లు. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయాడు. ఆ ఆల్బమ్‌ను వినండి. నెమ్మదిగానే ఉంటుంది, బరువుగానే ఉంటుంది, కానీ తాము 1980లో సబాత్‌గా చేసినదాన్ని నెమరువేస్తున్నట్టు ఉండదు. వయసు మీద పడుతున్న మనుషులు, ఆ వయసుకు తోచే చీకటిని వాయిస్తున్నట్టుంటుంది. పైగా దాని మీద సబాత్ అన్న పేరు లేదు, నిరూపించుకోవలసిన వారసత్వమూ లేదు. బహుశా అదే మేలు చేసింది.

రూబిన్‌ను మాత్రమే తప్పుపట్టడం కూడా నాకు ఇష్టం లేదు, ఎందుకంటే వృద్ధ గాయకుడిని ఎలా వినిపించాలో ఆయనకు తెలియకపోలేదు. 1994లో జానీ క్యాష్‌తో ‘అమెరికన్ రికార్డింగ్స్’ చేసింది ఆయనే. అప్పుడు క్యాష్‌కు 62 ఏళ్లు, మార్కెట్ ఆయన్ను దాదాపు మరిచిపోయింది. రూబిన్ 1950ల నాటి క్యాష్‌లా పాడమని అడగలేదు. వెనకున్న వాద్యబృందాన్ని తీసేశాడు. ఒక గిటార్, ఒక గొంతు, తరం మారిన రచయితల పాటలు కొన్ని. పాత క్యాష్‌ను తవ్వి తీయడం కాదు, ఎదురుగా కూర్చున్న క్యాష్‌ను అడ్డం లేకుండా వినడం. సబాత్ దగ్గరికొచ్చేసరికి ఆయన పద్ధతి తిరగబడింది. ఎదురుగా కూర్చున్న ముగ్గురినీ వినడానికి బదులు వాళ్లకు ఒక రికార్డు వినిపించాడు.

మూడో అభ్యంతరం నా వాదం వేరుకే తగిలేది. అసలు డ్రమ్మర్ లేకపోతే పునరాగమనం కుదరదని నీ సిద్ధాంతమా అని. కాదు. ‘13’ వచ్చిన సంవత్సరమే, 2013లోనే, కార్కస్ అనే మరో ఇంగ్లండ్ బృందం 17 ఏళ్ల తర్వాత ‘సర్జికల్ స్టీల్’ అనే ఆల్బమ్ తెచ్చింది. వాళ్ల మొదటి డ్రమ్మర్ కెన్ ఓవెన్ 1999లో మెదడులో రక్తస్రావమై వాయించలేని స్థితికి వచ్చాడు. అతని చోట డేనియల్ వైల్డింగ్ అనే కుర్రాడు కూర్చున్నాడు, ఆల్బమ్ నిప్పులా వచ్చింది. కాబట్టి మనిషి మారడం దోషం కాదు. మారిన మనిషిని మారినవాడిలా వాయించనివ్వకపోవడం దోషం. విల్క్‌ను విల్క్‌లా వదిలేసి, అతని సూటి దెబ్బ మీద అయోమీ కొత్త రకం రిఫ్ కట్టి ఉంటే, బహుశా సబాత్‌లా వినిపించని సబాత్ ఆల్బమ్ ఒకటి వచ్చి ఉండేది. అభిమానుల్లో సగం మంది తిట్టేవాళ్లు. 1970లో విమర్శకులు తిట్టినట్టే.

గ్రామీ, అమ్మకాల సంగతి త్వరగా ముగిద్దాం. మెటల్ విషయంలో గ్రామీ చెవి మొదట్నుంచీ ఇంతే: 1989లో ఈ సంగీతానికి తొలిసారి బహుమతి పెట్టినప్పుడు మెటాలికాను పక్కనపెట్టి జెత్రో టల్‌కు ఇచ్చారు, సభ మొత్తం నోరెళ్లబెట్టింది. సబాత్‌కు ‘13’కి ముందే 2000లో ఒక గ్రామీ వచ్చింది, దేనికి? ‘ఐరన్ మ్యాన్’ పాటను వేదిక మీద మళ్లీ వాయించినందుకు. 1970 నాటి పాట. మొదటి స్థానం మాటకొస్తే, ఆ వారం జనం కొన్నది ఆల్బమ్‌ను అనడం కన్నా ఒక కృతజ్ఞతను అనడం సబబు. పేరును గౌరవించడానికి డబ్బు పెట్టారు. మంచి పనే, కాకపోతే అది తీర్పు కాదు.

నచ్చినదీ చెప్పాలి, లేకపోతే అన్యాయం. అయోమీ చేతి బరువు ఈ ఆల్బమ్‌లో ఎక్కడా నకిలీ కాదు. ఆ ప్లాస్టిక్ తొడుగు వేళ్లు తీగను అదిమి కొంచెం వంచే ఆ పలుకు ఇంకెవరికీ రాదు. బట్లర్ బేస్ గిటార్ చాలాచోట్ల వార్డ్ చేయాల్సిన పని తానే చేస్తుంది: రిఫ్‌ను అనుసరించకుండా దాని చుట్టూ తిరిగి కాస్త గాలి ఆడనిస్తుంది. ఓజీ స్థాయి ఇరుకైంది, పై స్వరాలకు వెళ్లే సాహసం దాదాపు లేదు, అయినా ఆ గొంతులో భయపడిన పిల్లాడి జీర ఇంకా ఉంది. ఇక ‘డ్యామేజ్డ్ సోల్’ దగ్గర నా అనుమానం దాదాపు ఓడిపోయింది. దాదాపు ఎనిమిది నిమిషాల నెమ్మది బ్లూస్. మౌతార్గాన్ పాత గుర్తే అన్నాను, నిజమే. కానీ బ్లూస్ ఒక ఆల్బమ్ నకలు కాదు, ఆ పాటగాళ్లందరి పుట్టిల్లు. అక్కడికి వచ్చేసరికి ఎవరికీ తొలి ఆల్బమ్ గుర్తున్నట్టు లేదు. అయోమీ గిటార్ లెక్క మరిచి, వాక్యం మధ్యలో ఆగి, తడుముకుని, మళ్లీ అందుకుంటుంది. విల్క్ కూడా ఇక్కడే కాస్త భుజాలు వదులు చేస్తాడు. ఎనిమిది పాటల్లో ఈ ఒక్కదాన్ని ఉంచుకోమంటే నేను సందేహించను.

చివరిగా, ‘13’ మీద తీర్పు చెప్పిన వాళ్లలో ఆ బృందమే ఉంది. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబాత్ వీడ్కోలు యాత్ర ముగిసింది. ఆ రాత్రి వాయించిన పాటల్లో ‘13’లోది ఒక్కటీ లేదు. మొదటి స్థానం తెచ్చిన ఆల్బమ్, బహుమతి తెచ్చిన పాట, నాలుగేళ్లకే పెట్టెలోకి వెళ్లిపోయాయి. జనం పాతవే అడుగుతారు, వాళ్లేం చేస్తారు అనొచ్చు. నిజమే, కానీ పాతవాటిలా ఉండడానికే పుట్టిన పాటలకు అసలు పాతవి పక్కనుంటే చోటెక్కడిది? ఎనిమిదేళ్ల తర్వాత, 2025 జులై 5న, బృందం పుట్టిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో నలుగురూ ఆఖరిసారి కలిశారు. ఓజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. డ్రమ్స్ వెనక 77 ఏళ్ల బిల్ వార్డ్. నాలుగు పాటలు వాయించారు, నాలుగూ 1970వే. మొదటిది ‘వార్ పిగ్స్’. గిటార్, బేస్ రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయాయి. ఆ ఖాళీలో ఒక వణికే గొంతు, దాని కింద హై-హ్యాట్ టిక్కుటిక్కుమంటూ, మునుపటి చురుకు తగ్గి, అక్కడక్కడ వెంట్రుకవాసి వెనకగా.